లండన్ చరిత్ర చెప్పే ఆరు పాత బొమ్మల సంపుటాలు: ఎలా కొనాలి, ఎలా పరీక్షించాలి, మన ఇళ్లలో ఎలా కాపాడుకోవాలి

లండన్ నగరం గురించి విక్టోరియా రాణి కాలంలో వచ్చిన బొమ్మల పుస్తకాల్లో ఇప్పటికీ సులువుగా దొరికే సెట్టు ‘ఓల్డ్ అండ్ న్యూ లండన్’. మొత్తం ఆరు సంపుటాలు. మొదటి రెండూ వాల్టర్ థార్న్‌బరీ రాశాడు. మిగతా నాలుగూ ఎడ్వర్డ్ వాల్ఫర్డ్ పూర్తి చేశాడు. 1873 నుంచి 1878 దాకా లండన్‌లోని కాసెల్, పెట్టర్ అండ్ గాల్పిన్ సంస్థ దీన్ని విడివిడి భాగాలుగా అమ్మి, సంపుటాలుగానూ వేసింది. వీధి వీధికీ కథ, పేజీ పేజీకీ బొమ్మ అన్న పద్ధతిలో ఉంటుంది.

ముందే ఒక సంగతి తేల్చుకుందాం. ఇది అరుదైన పుస్తకం కాదు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ల కోసం పెద్ద సంఖ్యలో అచ్చేశారు, తర్వాత మళ్లీ మళ్లీ వేశారు. అందుకే అట్టలు ఊడిన సెట్లు పదుల పౌండ్లలో, మంచి లెదర్ బైండింగ్ ఉన్నవి వందల పౌండ్లలో దొరుకుతాయి. ‘నూట నలభై ఏళ్ల నాటిది’ అనగానే కళ్లు పెద్దవి చేసుకోనక్కర్లేదు. మీరు డబ్బు పెట్టేది వయసు చూసి కాదు, సెట్టు పూర్తిగా ఉందా, పేజీలు బాగున్నాయా అని చూసి. రేపు పదింతలకు అమ్ముకోవచ్చని కొనేవాళ్లు వేరే దారి చూసుకోవడం మంచిది. చదవడానికి, చూసి ఆనందించడానికి అయితే ఇంతకంటే గిట్టుబాటు బేరం తక్కువ.

ఇక్కడ చెప్పే పద్ధతి ఈ ఒక్క సెట్టుకే కాదు. రాబర్ట్ డెంట్ రాసిన ‘ఓల్డ్ అండ్ న్యూ బర్మింగ్‌హామ్’కీ, నికల్స్, టేలర్ కలిసి 1881–82లో మూడు సంపుటాలుగా తెచ్చిన ‘బ్రిస్టల్ పాస్ట్ అండ్ ప్రెజెంట్’కీ కూడా చాలావరకు పనికొస్తుంది.

మొదటి దశ: కొనేముందు ఊరికే చదవండి

ఆరు సంపుటాల పాఠం ‘బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్’ అనే సైట్‌లో ఉంది. పేజీల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఓ వారం పాటు అక్కడే తిరగండి. థార్న్‌బరీ రాత పిట్టకథలతో పరుగెడుతుంది. వాల్ఫర్డ్ కాస్త నిదానం, వివరాలు ఎక్కువ. రెండూ మీకు నచ్చకపోతే డబ్బు మిగిలినట్టే. నచ్చితే ఆ స్కాన్ తర్వాత ఇంకో పనికీ వస్తుంది: మీరు కొనే సెట్టులో ఏ పేజీ పోయిందో సరిపోల్చి చూడటానికి.

సంపుటాల వరుస కూడా అప్పుడే మనసులో పెట్టుకోండి. మొదటి రెండు పాత నగరం చుట్టూ, తూర్పు వైపు తిరుగుతాయి. మూడు, నాలుగు వెస్ట్‌మిన్‌స్టర్, పడమటి పేటలు. ఐదు ఇంకా పడమర, ఉత్తరం. ఆరోది థేమ్స్ నదికి దక్షిణం. ఒక్క ప్రాంతం మీదే ఆసక్తి ఉంటే విడి సంపుటి కొనుక్కున్నా తప్పులేదు. కాకపోతే విడి సంపుటాలు ఒక్కొక్కటిగా కూడబెట్టి సెట్టు చేద్దామనుకుంటే మాత్రం బైండింగులు కలవవు, ఎత్తులు కలవవు, ఖర్చు కూడా సెట్టు ధర దాటిపోతుంది.

రెండో దశ: మీ ముందున్నది ఏ ముద్రణ?

టైటిల్ పేజీ మీద చాలాసార్లు సంవత్సరం ఉండదు. కంగారు పడక్కర్లేదు, ప్రచురణకర్త పేరే కాలం చెబుతుంది. ‘కాసెల్, పెట్టర్ అండ్ గాల్పిన్’ అని ఉంటే 1870ల నాటి తొలి ముద్రణ కావచ్చు. చివర ‘అండ్ కో’ చేరి ‘కాసెల్, పెట్టర్, గాల్పిన్ అండ్ కో’ అని ఉంటే 1870ల చివరి నుంచి 1883 లోపుది. ‘కాసెల్ అండ్ కంపెనీ లిమిటెడ్’ అంటే 1883 లేదా ఆ తర్వాత. ఆరు టైటిల్ పేజీలూ విడివిడిగా చూడండి. రెండు సంపుటాలు ఒక కాలానివి, నాలుగు ఇంకో కాలానివి కలిపి ఒకే రంగు బైండింగ్ చేసిన సెట్లు తరచుగా కనిపిస్తాయి. చదువుకోవడానికి అది ఇబ్బందేమీ కాదు, కానీ ‘ఫస్ట్ ఎడిషన్’ అని ధర చెబితే మాత్రం బేరమాడాల్సిందే.

పుస్తకంలోని లండన్ కూడా సాక్ష్యం చెబుతుంది. ఫ్లీట్ స్ట్రీట్‌కి అడ్డంగా ఉండే టెంపుల్ బార్ ద్వారాన్ని 1878లో విప్పి పక్కన పెట్టారు. తొలి ముద్రణ మొదటి సంపుటిలో అది ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉంటుంది. టవర్ బ్రిడ్జ్ తెరిచింది 1894లో. కాబట్టి మీ చేతిలోని సంపుటిలో పూర్తయిన టవర్ బ్రిడ్జ్ బొమ్మ కనిపిస్తే అది 1870ల ముద్రణ అయ్యే ప్రసక్తే లేదు.

మూడో దశ: ఎక్కడ వెతకాలి, ప్రకటన ఎలా చదవాలి

లండన్‌లో ఉన్నవాళ్లకు చేరింగ్ క్రాస్ రోడ్డు పక్కనున్న సెసిల్ కోర్ట్ సందు ఉంది. వరసగా పాత పుస్తకాల దుకాణాలే. వేల్స్ సరిహద్దులో హే-ఆన్-వై అనే ఊరు మొత్తం పాత పుస్తకాల మీదే బతుకుతుంది. పీబీఎఫ్ఏ అనే పాత పుస్తకాల వ్యాపారుల సంఘం సభ్యులు ఊరూరా పెట్టే పుస్తకాల సంతల్లో ధరలు కాస్త అందుబాటులో ఉంటాయి. ఇండియాలో ఉన్నవాళ్లకు ఏబ్‌బుక్స్, వయాలిబ్రి లాంటి సైట్లే దిక్కు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ పుస్తకాలు పోగులు పడి ఉంటాయి. అక్కడ విడి సంపుటి తగిలితే అదృష్టం, పూర్తి సెట్టు మాత్రం ఆశించకండి.

ప్రకటనల్లో ఒక రహస్య భాష ఉంటుంది. ‘రీడింగ్ కాపీ’ అంటే చదవడానికి తప్ప చూపించుకోవడానికి పనికిరాదని. ‘ఎక్స్-లైబ్రరీ’ అంటే గ్రంథాలయ ముద్రలు, అతికించిన చీటీలు తప్పవని. ‘రీబ్యాక్‌డ్’ అంటే వెన్ను కొత్తగా వేశారని. బాగా వేసి ఉంటే ఇది మంచి సంగతే. ‘సమ్ ఫాక్సింగ్’ అంటే కాగితం మీద గోధుమ రంగు చుక్కలు. ‘సమ్’ అనే ఆ ఒక్క ముక్కలో నాలుగు చుక్కల నుంచి నాలుగు వందల దాకా ఏదైనా ఇమిడిపోతుంది. వేలంపాట జాబితాలో ‘డబ్ల్యూఏఎఫ్’ అని కనిపిస్తే లోపాలన్నిటితో సహా అమ్ముతున్నాం, వాపసు లేదు అని అర్థం. వేలంలో పాడిన మొత్తం మీద ‘బయ్యర్స్ ప్రీమియం’ అదనంగా పడుతుందని కూడా గుర్తుంచుకుని పాట పాడండి.

ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మకందారును ఈ ఫొటోలు అడగండి: ఆరు వెన్నులూ పక్కపక్కన ఒకే ఫొటోలో, ఆరు టైటిల్ పేజీలు, ప్రతి సంపుటి ఆఖరి పేజీ, అట్ట తెరిచినప్పుడు లోపలి మడత, ఇంకా ‘అన్నిటికంటే పాడైన పేజీ ఏదో అది’. ఈ చివరిది అడగగానే అసలు సంగతి బయటపడుతుంది. నిజాయితీగా అమ్మేవాళ్లు వెంటనే పంపుతారు.

నాలుగో దశ: పేజీల లెక్క

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఎందుకంటే ఇలాంటి సెట్లకు పురుగుల కంటే పెద్ద శత్రువు కత్తెర. పుస్తకం మొత్తంగా అమ్మితే వచ్చే డబ్బు కన్నా, బొమ్మలు ఒక్కొక్కటీ కోసి, రంగులద్ది, ఫ్రేము కట్టి అమ్మితే వచ్చేది ఎక్కువ. అందుకే బొమ్మ బాగున్న చోటే పేజీ మాయమవుతుంది. లండన్ బ్రిడ్జ్, సెయింట్ పాల్స్, టవర్ ఉన్న పేజీలు మొదట చూడండి.

శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడుచుకున్న చేతులు చాలు. గుడ్డ గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు చేతికి తెలియదు, చింపేస్తారు. టేబుల్ మీద రెండు తువ్వాళ్లు చుట్టి, అట్టలకు చెరో వైపు ఆనించి, సంపుటిని సగం వరకే తెరవండి. నూట ఎనభై డిగ్రీలు పరిచారంటే వెన్ను పగులుతుంది. ఒక్కో సంపుటి ఆరు వందల పేజీల దరిదాపులో ఉంటుంది. ఓపిక పట్టి ప్రతి ఆకూ తిప్పండి.

చూడాల్సింది పేజీ నంబర్ల వరుస. ఈ సెట్టులో సాధారణంగా పేజీ నిండా ఉన్న బొమ్మలు కూడా నంబర్ల లెక్కలోనే వస్తాయి. కాబట్టి 212 తర్వాత 215 వచ్చిందంటే ఒక ఆకు పోయింది. దాంతో పాటు కొన్ని పేజీల అడుగున, పాఠం కింద, చిన్న అంకె, పక్కనే సంపుటి నంబరు కనిపిస్తాయి. బైండర్లు కట్టల (కలిపి మడిచి కుట్టే ఆకుల గుంపుల) వరుస తప్పకుండా వేసుకున్న గుర్తు అది. ఆ అంకెల వరుస తెగితే ఒక్క ఆకు కాదు, ఒక కట్టే పోయినట్టు. మొదట్లో ఉండే బొమ్మల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో బొమ్మకీ పెన్సిల్‌తో విడి కాగితం మీద టిక్ పెట్టండి. పుస్తకం మీద కాదు. విడి ప్లేట్లో, మ్యాపో కలిపి కట్టిన ముద్రణ అయితే కూడా ఆ జాబితాదే చివరి మాట.

వెన్ను దగ్గర లోపలి అంచు మీద వేలు మెల్లగా పోనివ్వండి. ఆకు కోసేసిన చోట సన్నటి కాగితపు పట్టీ నిలబడి ఉంటుంది. కొన్నిసార్లు ఆ పట్టీని కూడా లోపలికంటా కోస్తారు. అప్పుడు దాని జత ఆకు, అంటే అదే మడత కాగితంలోని రెండో సగం, వదులై ఊగుతుంటుంది. ఊగే ఆకు కనిపించిందంటే వెనకో ముందో ఇంకోటి పోయిందేమో చూడాలి.

ఆరో సంపుటి చివర సూచిక ఉంటుంది. అది లేని సెట్టు కొనకండి. ఇన్ని వేల పేజీల్లో సూచిక లేకుండా ఒక వీధిని పట్టుకోవడం అయ్యే పని కాదు.

ఐదో దశ: బొమ్మను భూతద్దం కింద పెట్టండి

పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఈ పుస్తకంలో బొమ్మలు వుడ్ ఎన్‌గ్రేవింగులు. బాక్స్‌వుడ్ అనే గట్టి చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి, ఆ చివరి ముఖం మీద సూది మొన ఉలితో చెక్కేవారు. బాక్స్‌వుడ్ కాండం సన్నం. పెద్ద బొమ్మ కావాలంటే చిన్న దిమ్మెలు కొన్ని బోల్టులతో బిగించి ఒకటి చేసేవారు. తొందర పనయితే ఆ దిమ్మెలు విడదీసి తలా ఒకటి పంచుకుని చెక్కి, మళ్లీ బిగించేవారు. పేజీ నిండా ఉన్న బొమ్మను భూతద్దంతో నిదానంగా చూడండి. ఆకాశం గీతల మధ్యలో నిలువుగానో అడ్డంగానో వెంట్రుకంత తెల్ల గీత ఒకటి తిన్నగా పోతూ కనిపిస్తే అది దిమ్మెల అతుకు. ఆ గీతకు అటూ ఇటూ మబ్బుల గీతల చేతివాటం కాస్త తేడాగా కూడా ఉంటుంది. నాకైతే ఈ సెట్టులో చదివే భాగం కన్నా ఇలా అతుకులు వెతికే పనిలోనే ఎక్కువ కాలక్షేపం.

ఈ దిమ్మెల గొప్పతనం ఏమిటంటే, అచ్చు అక్షరాలతో పాటే ఒకే అచ్చులో పడతాయి. అందుకే బొమ్మ వెనకే మామూలు పాఠం ఉంటుంది. రాగి, స్టీలు ప్లేట్ల బొమ్మలైతే వేరే ప్రెస్సులో, విడి కాగితం మీద, వెనక ఖాళీగా ఉంటాయి, చుట్టూ ప్లేటు నొక్కిన గాడి కూడా కనిపించవచ్చు. విడిగా అమ్మే ‘స్టీల్ ఎన్‌గ్రేవింగ్’ వెనక లండన్ వీధి కథ అచ్చయి ఉందంటే అది ఇలాంటి సెట్టును చీల్చి తీసిందే.

భూతద్దం కింద గీతలు కాకుండా వరసగా చుక్కలు కనిపిస్తే అది ఫొటో తీసి వేసిన నకలు. బొమ్మకు రంగులుంటే, ఆ రంగు ఈ మధ్య అద్దిందనే అనుకోండి. ఈ బొమ్మలు నలుపు తెలుపుల్లోనే అచ్చయ్యాయి.

ఆరో దశ: బైండింగ్

భాగాలుగా కొనుక్కున్నవాళ్లు తమకు నచ్చినట్టు బైండింగ్ చేయించుకునేవారు. అందుకే ఒకే ముద్రణ రకరకాల వేషాల్లో కనిపిస్తుంది: ప్రచురణకర్త వేసిన బంగారు నగిషీ గుడ్డ అట్ట, వెన్నుకీ మూలలకీ మాత్రమే తోలు వేసిన హాఫ్ లెదర్, ఆరింటిని రెండేసి కలిపి మూడు బండ పుస్తకాలుగా కట్టినవి. ఈ మూడో రకం జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆ బరువుకు కుట్టు తెగుతుంది.

తోలు వెన్ను మీద వేలు రుద్దితే ఎర్రటి పొడి అంటుకుంటోందా? అది ‘రెడ్ రాట్’. విక్టోరియా కాలపు తోలును పదును చేసిన పద్ధతి ఒక కారణం, బొగ్గు పొగ, గ్యాస్ దీపాలు నింపిన గాలిలోని గంధకం ఇంకో కారణం. పాడైన తోలు తిరిగి బాగుపడదు. పొడి రాలకుండా ఆపడం వరకే మన చేతిలో ఉంది. క్లూసెల్-జి అనే పదార్థాన్ని ఆల్కహాల్‌లో కలిపి పల్చగా పూస్తారు. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె, బూట్ల పాలిష్, లెదర్ సోఫాల క్రీమ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. తోలు నల్లబడి, నూనె కాగితంలోకి దిగుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు గుడ్డ అట్టల్లో మెరిసే పచ్చ రంగువి కొన్నిటిలో ఆర్సెనిక్ ఉంది. అమెరికాలోని వింటర్‌తుర్ మ్యూజియం 2019 నుంచి ఇలాంటి పుస్తకాలను గుర్తించే పని చేస్తోంది. 1840ల నుంచి 1860ల దాకా వచ్చిన అట్టల్లో ఇది ఎక్కువ, కాబట్టి మన సెట్టుకు భయం తక్కువే. అయినా కొట్టొచ్చినట్టు పచ్చగా ఉంటే నైట్రిల్ గ్లవ్స్ వేసుకుని పట్టుకోండి, జిప్ కవర్‌లో పెట్టండి, పిల్లలకు అందనివ్వకండి.

ఏడో దశ: ఇంటికి చేర్చడం

ఒక్కో సంపుటి రెండు కిలోల దాకా తూగుతుంది. రాయల్ మెయిల్‌లో విదేశాలకు ‘ప్రింటెడ్ పేపర్స్’ కింద ఐదు కిలోల వరకు పంపవచ్చు. కాబట్టి రెండేసి చొప్పున మూడు పార్సిళ్లు. ప్రతి సంపుటినీ ముందు ఆసిడ్ లేని కాగితంలో చుట్టించి, ఆపైన బబుల్ ర్యాప్, ఆపైన పెట్టెలో పెట్టె. ఊపితే లోపల కదలకూడదు. ఇండియాలోకి దిగుమతి చేసుకునే ముద్రిత పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. రేట్లు మారుతుంటాయి గనుక ఆర్డర్ పెట్టే రోజున ఒకసారి చూసుకోండి.

పార్సిల్ రాగానే ఆత్రంగా విప్పకండి. ఒక రోజు అలాగే గదిలో ఉంచితే లోపలి చల్లదనం, బయటి వేడి సర్దుకుంటాయి, చెమ్మ పట్టదు. విప్పాక కూడా రెండు మూడు వారాలు మీ మిగతా పుస్తకాలకు దూరంగా పెట్టి, కింద తెల్ల కాగితం పరచండి. కాగితం మీద సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టే. అప్పుడు గాలి చొరని కవర్‌లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు ఆగి, పూర్తిగా గది వేడికి వచ్చాకే కవర్ విప్పాలి.

ఎనిమిదో దశ: మన వాతావరణంలో

లండన్ ఇళ్లలో నూట నలభై ఏళ్లు బతికిన పుస్తకం విశాఖపట్నంలోనో కాకినాడలోనో రెండు వానాకాలాల్లో బూజు పట్టగలదు. చూడాల్సింది గాలిలో తేమ. 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 65 దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది. తేమ చూపే చిన్న మీటరు తక్కువ ధరకే వస్తుంది, పుస్తకాల పక్కనే పెట్టండి.

మన ఇళ్లలో అందరూ పుస్తకాలు పెట్టే చోటు గోడలో కట్టిన అల్మారా. అదే అన్నిటికంటే చెడ్డ చోటు. బయటి గోడ వానకు తడిస్తే ఆ చెమ్మ నేరుగా పుస్తకం వెనక్కి వస్తుంది, చెదలకు కూడా దారి అదే. లోపలి గోడ పక్కన, గోడకు నాలుగు వేళ్ల దూరంలో, నేలకు ఓ జానెడు ఎత్తున విడి అల్మారా పెట్టండి. గాలి ఆడని స్టీలు బీరువా కూడా వద్దు. సంపుటాలు నిటారుగా, ఒకదానికొకటి ఆనుకుని, మరీ బిగుతుగా కాకుండా నిలబడాలి. తీసేటప్పుడు వెన్ను పైభాగం పట్టి లాగకండి. పక్క రెండిటినీ వెనక్కి నెట్టి, మధ్యలో పట్టుకుని తీయండి.

రామబాణం పురుగుకి బంక, పిండి, దుమ్ము అంటే ఇష్టం. నెలకోసారి సంపుటిని గట్టిగా మూసి పట్టుకుని, పై అంచు మీద మెత్తటి బ్రష్‌తో వెన్ను నుంచి బయటికి దుమ్ము దులిపితే సగం బెడద తీరుతుంది. కలరా ఉండలు వేయడం మన అలవాటే గానీ, వాటి ఆవిరి పీల్చడం మనుషులకు మంచిది కాదు, వాసన కాగితాన్ని ఏళ్ల తరబడి వదలదు.

తొమ్మిదో దశ: మరమ్మతు

ఇక్కడ చేయకూడనివే ఎక్కువ. సెల్లో టేపు వద్దు, అది పసుపు మరకై కాగితంలోకి ఇంకుతుంది. ఫెవికాల్ వద్దు, ఒకసారి అతికితే విప్పలేం. లామినేషన్ ఊసే వద్దు. చిన్న చిరుగుకు పల్చటి జపనీస్ టిష్యూ, గోధుమ గంజి చాలు. అవసరమైతే తడిపి మళ్లీ తీసేయవచ్చు.

వీధి చివరి బైండింగ్ షాపులో ఇవ్వాలనిపిస్తుంది. ఆఫీసు రిజిస్టర్లు, థీసిస్‌లు కట్టే చేతులు అవి. వాళ్లు చేసే పని వాళ్లకు బాగా వచ్చు గానీ, అంచులు మూడు వైపులా కటింగ్ మిషన్‌లో కొట్టి, పక్క నుంచి పొడిచి కుట్టి, రెక్సిన్ వేసి ఇస్తారు. బొమ్మల అంచులు తెగిపోతాయి, పుస్తకం మళ్లీ తెరుచుకోదు. అట్ట ఊడిన సంపుటికి తెల్ల నాడా కట్టి, ఆసిడ్ లేని అట్టపెట్టెలో పెట్టుకోవడం అంతకంటే నయం.

పాత యజమాని సంతకం, దుకాణం చీటీ, ‘క్రిస్మస్ కానుక’ అని రాసిన పంక్తి, ఏవీ చెరపకండి. అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో చెప్పేవి అవే.

పదో దశ: ఇక చదవండి

చరిత్ర ప్రమాణంగా మాత్రం దీన్ని తీసుకోకండి. థార్న్‌బరీ మంచి కథ దొరికితే నిజానిజాల కోసం ఆగే మనిషి కాదు. తేదీలు, కట్టడాల వివరాలు కావాలంటే 1894లో మొదలైన ‘సర్వే ఆఫ్ లండన్’ పరిశోధనతో సరిచూసుకోవాలి. దీని అసలు విలువ వేరే చోట ఉంది. కూల్చివేతకు కాస్త ముందు, కాస్త తర్వాత నగరం ఎలా ఉందో చూపిస్తుంది. న్యూగేట్ జైలు అప్పటికింకా ఉంది, 1902లో మూసి, ఆ తర్వాత కూల్చారు. బిషప్స్‌గేట్‌లో ఉన్న క్రాస్బీ హాల్‌ను ఆ తర్వాత రాయి రాయి విప్పి చెల్సీకి తరలించారు. టెంపుల్ బార్ ఊళ్లు తిరిగి 2004లో సెయింట్ పాల్స్ పక్కకు చేరింది. ఫోన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ అధ్యాయం తెరుచుకుని ఫ్లీట్ స్ట్రీట్ నుంచి లడ్‌గేట్ హిల్ దాకా నడిస్తే ఒక పూట సరిపోతుంది.

తెలుగువాళ్లు ముందుగా తెరవాల్సింది రెండో సంపుటిలో లెడెన్‌హాల్ స్ట్రీట్ అధ్యాయం. మన జిల్లాల శిస్తు లెక్కలు చేరిన ఈస్ట్ ఇండియా హౌస్ కథ అక్కడుంది. ఆ భవనాన్ని 1861లోనే పడగొట్టారు. ఇప్పుడు అక్కడ లాయిడ్స్ వారి ఉక్కు గొట్టాల భవనం ఉంది. కంపెనీ వారి మ్యూజియం సామాను తర్వాత చోట్లు మారింది. అందులోని అమరావతి శిల్పాలు 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి, ఇప్పుడు 33ఏ గదిలో ఉన్నాయి. లెడెన్‌హాల్ స్ట్రీట్ నుంచి అక్కడికి బస్సులో వెళ్లవచ్చు, మ్యూజియంలోకి టికెట్ లేదు. గది తెరిచే వేళలు మాత్రం ముందే చూసుకుని బయల్దేరండి.